తిరుపాలమ్మ వాటా

“తిమ్మరాజు చెన్నాంబ నడు... నడుమును...”

తిరుపాలమ్మ అక్కడ ఆగింది. కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ చూసింది. మగ్గం మీద మూడు సూదులు అప్పటికే ఆగి ఉన్నాయి.

“నడుమును ఏంజేసినాడు పెద్దమ్మా?” అంది ముస్కాన్.

“ఈడ అక్షరం కష్టంగా ఉంది.”

“అక్షరమా, పనా?” అంది షాహీదాబీ.

ముగ్గురూ పగలబడి నవ్వారు. ప్రేమకుమారి నవ్వుతూనే “ప్రభువా” అని కళ్లు మూసుకుంది. చెవులు మాత్రం మూసుకోలేదు.

“పెన... పెనవేసు... పెనవేసుకున్నాడు,” అని ఒక్క ఊపున చదివేసి తిరుపాలమ్మ పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుంది. అరవై ఏళ్ల మనిషికి చెవులు ఎర్రబడ్డాయి.

ప్రొద్దుటూరులో ముస్కాన్ ఇంటి వసారాలో జరిగే మగ్గం పని అది. బిగించి కట్టిన గుడ్డ చుట్టూ కూర్చుని పెళ్లికూతుళ్ల రవికలకు పూసలు, జరీ పూలు కుడతారు. తిరుపాలమ్మ అక్కడ ఏడేళ్లు కుట్టింది. ఉగాది పోయాక చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు నెమలి మెడ కుట్టబోయి పట్టుగుడ్డ చింపింది.

“రేపట్నించి రానులే ముస్కాన్,” అని సంచి తీసుకుని లేచింది.

భర్త నారాయణ పోయి పదేళ్లయింది. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఆ మగ్గం దగ్గర వినబడే మాటలే ఆమెకు రోజు మొత్తానికీ మాటలు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ముస్కాన్ దారాల పెట్టె అడుగు నుంచి ఒక పాత నవల తీసి ఆమె చేతిలో పెట్టింది. అట్ట ఊడిపోతే జరీ దారంతో కుట్టిన పుస్తకం.

“నువ్వు చదువు. నీ వాటా పూలు మేం తలా ఇన్ని కుడతాం.”

“నాకు కూడబలుక్కునేదే గదమ్మా వచ్చేది.”

“కూడబలుక్కో. మాకేమన్నా బస్సు పోతాందా?”

అక్షరాలు ఆమెకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ప్రేమకుమారే చర్చి వరండాలో సాయంత్రాలు నేర్పింది. నేర్చుకున్నాక చదవడానికి ఏముంది? వాచకం నిండా చేతులు కడుక్కోమనీ, నీళ్లు కాచి తాగమనీ ఉండేది. జమ్మలమడుగు బస్సు బోర్డు చదివింది, పులివెందుల బస్సు బోర్డు చదివింది. ఎక్కి పోవాల్సిన పని లేదు.

ఈ నవలలో గండికోట ఉంది. కోట సర్దారు కూతురు చెన్నాంబ, గుర్రాలమ్ముకునే తిమ్మరాజు ఉన్నారు. వాడు ఆమెను చూసే చూపుకే రెండు పేజీలు పట్టింది. ఒక మనిషి ఇంకో మనిషిని అంతసేపు చూస్తాడని తిరుపాలమ్మకు అప్పటిదాకా తెలియదు. సరసం ఉన్నచోట పుస్తకం తనంతట తానే తెరుచుకునేది.

“మీ ఆయన నిన్నెప్పుడన్నా అట్ల చూసినాడా?” అని షాహీదాబీ అడిగింది.

“చూసినాడు. కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు.”

పేజీకి అరగంట పట్టేది. రోజుకు రెండు పేజీలు దాటేది కాదు.

ఆషాఢంలో సుధారాణి పనిలో చేరింది. జమ్మలమడుగులో డిగ్రీ చదివి ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చిన మనిషి. రెండు రోజులు ఓపిక పట్టింది. మూడోరోజు చెయ్యి చాపింది.

“ఇట్లియ్యి పెద్దమ్మా, నేను చదువుతా. ఈ లెక్కన వాళ్లిద్దరూ కలిసేలోపల మనం ముసిలోళ్లమైతాం.”

తిరుపాలమ్మ పుస్తకం ఇచ్చేసింది. సుధారాణి గడగడా నాలుగు పేజీలు చదివింది. ఒక్క తప్పు లేదు. తిరుపాలమ్మ తన చేతుల వంక చూసుకుంది. కుట్టడానికి పనికిరావు, ఇక చదవడానికీ అక్కర్లేదు. సంచి ఎక్కడ పెట్టిందో కళ్లతోనే వెతుక్కుంది.

“ఏందమ్మా అది, రేషన్ షాపులో పేర్లు పిలిచినట్ల,” అంది ముస్కాన్. “ఎవరు ఎవర్ని పట్టుకున్నారో కూడా తెలీల్యా. పెద్దమ్మకియ్యి.”

“ఆమె మాటమాటకీ ఆగుతాది గదక్కా.”

“ఆగల్ల,” అంది షాహీదాబీ. “ముద్దు పెట్టుకునేకాడ నీకేం తొందర?”

ఆ నాలుగు పేజీలూ తిరుపాలమ్మ మళ్లీ మొదటి నుంచి చదివింది. రెండు రోజులు పట్టింది. సుధారాణి ఈసారి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

శ్రావణం చివర్లో ఆఖరి అధ్యాయం వచ్చింది. కోటను శత్రువులు చుట్టుముట్టారు. పెన్న పొంగింది. తిమ్మరాజు వరదలోకి దూకాడు.

“చచ్చినాడా, బతికినాడా? తొందరగా చెప్పు తల్లీ,” అంది షాహీదాబీ గుండె మీద చెయ్యేసుకుని.

“ఉండమ్మా, పేజీ తిప్పనీ.”

తిప్పకముందే ప్రేమకుమారి కొంగు కళ్లకు అద్దుకుంది.

“తెల్లారి వరద తీసింది. ఒడ్డున బుర... బురదలో నుంచి ఒక చెయ్యి లేచింది. ‘చెన్నాంబా’ అని ఒక గొంతు పిలిచింది.”

తిరుపాలమ్మ ఆగింది. ఈసారి అక్షరం కష్టమై కాదు. ముప్పై ఏళ్ల కాపురంలో నారాయణ ఆమెను ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదు.

“బతికినాడు గదా పెద్దమ్మా? నిజంగా బతికినాడు గదా?” అని సుధారాణి ముక్కు చీదుతూ రెండుసార్లు అడిగింది.

ముస్కాన్ సూది పక్కన పెట్టింది. “రేపు ఇంకో నవల తీస్తా.”

“నేనేనా చదివేది?”

“మరింకెవరు? నువ్వు లేకుంటే మాకు ఈ కథలు యాడ తెలుస్తాయి?”

తిరుపాలమ్మ ఇంటికి నడిచింది. ఇన్ని నెలలు వాళ్లను ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టింది తన గొంతే కదా అనుకుంటే నడకలో బలం వచ్చింది. ‘వాడు బతుకుతాడో లేదో తెలీక పాపం ఎంత అల్లాడినారో’ అని దారంతా నవ్వుకుంది.

సుధారాణికి తప్ప, ఆ నవల మిగతా ముగ్గురికీ ఎప్పుడో కంఠతా వచ్చు.