సుల్తాన్‌కు ఆకలి లేదు

“దీనికి ఉల్లిపాయ పెట్టావు కదూ? నిజం చెప్పు.”

మేడమ్ గొంతు పెంచలేదు. మహబూబ్బీకి అదే ఎక్కువ భయం వేసింది. సౌదీలోని తబూక్ ఊళ్లో ఆ ఇంట్లో పనికి కుదిరిన రెండేళ్లలో, మేడమ్ అరిచినప్పుడల్లా సాయంత్రానికి చల్లబడేది. నెమ్మదిగా మాట్లాడినప్పుడు మాత్రం అన్నంత పనీ చేసేది.

“అల్లా తోడు, ఏమీ పెట్టలేదు మేడమ్. కాగితంలో ఉన్నవే పెట్టాను.”

కాగితం ఫ్రిజ్ తలుపుకే అతికించి ఉంది. మహబూబ్బీకి అరబ్బీ చదవడం రాదని మేడమ్ అన్నీ బొమ్మలే పెట్టింది. జర్జీర్ ఆకు, గుమ్మడి ముక్క, కాల్షియం పొడి అద్దిన కీచురాళ్లు పచ్చ టిక్కు కింద. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో ఎర్ర ఇంటూ కింద. పాలకూర రెండింటికీ మధ్యన, ఎప్పుడో ఒకసారి. ఇదంతా సుల్తాన్ కోసం. సుల్తాన్ అంటే మేడమ్ కూతురు రీమ్ పెంచుకునే తొండ. మన కంచెల మీద తలాడించే తొండ కాదు. ఎక్కడో ఆస్ట్రేలియా జాతిది, మూరెడు పొడవు, గొంతు కింద ముళ్ల గడ్డం. రాయచోటిలో నిండు నెలలతో ఉన్న తన కూతురు ఫర్జానా ఈ పూట ఏం తిందో మహబూబ్బీకి తెలియదు. ఈ తొండ సోమవారం ఏం తినాలో, మంగళవారం ఏం తినకూడదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నసీబంటే అదే మరి.

ఆ సుల్తాన్ వారం నుంచి నోరు తెరవడం లేదు. గాజుపెట్టెలో దీపం కిందికి కూడా రాకుండా మూలన రాతి చాటున పడి ఉంది.

“గురువారం విమానం మేడమ్,” మహబూబ్బీ గుర్తు చేసింది. “నా బిడ్డకు మొదటి కాన్పు. నేను తప్ప చూసేవాళ్లు లేరు.”

“తెలుసు. కానీ ఇది నీ చేత్తో తప్ప తినదు. జబ్బుగా ఉన్నదాన్ని నాకు వదిలేసి పోతావా? ఇది తిన్న రోజు నువ్వు ఊరెళ్లి రావడానికి రీఎంట్రీ వీసా తీస్తాను. అంతవరకూ పాస్‌పోర్టు నా బీరువాలోనే ఉంటుంది.”

మేడమ్ తొండను నాలుగు వైపుల నుంచీ ఫోనులో వీడియో తీసుకుంది. జెద్దాలో చెల్లెలి పెళ్లి. అక్కడ ఇలాంటి జంతువులను చూసే డాక్టరున్నాడట. రీమ్‌ను వెంటబెట్టుకుని ఆ ఆదివారమే వెళ్లిపోయింది.

మహబూబ్బీ చెయ్యని ప్రయత్నం లేదు. గుమ్మడికాయ తురిమింది. ఆకును వేలి కొసన పెట్టి మూతికి ఆనించింది. కీచురాయిని పట్టకారుతో పట్టి కళ్ల ముందు ఆడించింది.

“తినరా నాయనా. నువ్వు ఒక్క ముద్ద తింటే నేను నా బిడ్డ కాడికి పోతా.”

సుల్తాన్ ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది.

ఇంటి డ్రైవరు చాంద్ బాషా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయనది రాజంపేట.

“దాన్ని బతిమాలేదానికన్నా ఎర్ర ఇంటూలోది ఒక ముక్క పెట్టమ్మా. పీడ పోతాది. తొండే లేకుంటే నిన్ను పట్టుకోని ఏం జేసుకుంటాది ఆమె?”

“ఊరుకో బాషన్నా. నా చేత్తో తిన్న జీవం.”

అన్నదే గానీ ఆ మాట మనసులోంచి పోలేదు. సాయంత్రం అవకాడో కోసింది. ముక్క పట్టుకుని గాజుపెట్టె దాకా వెళ్లింది. కాసేపు నిలబడి, చివరికి తానే తినేసింది. చప్పగా ఉంది.

మర్నాడు పొద్దున సుల్తాన్ కదల్లేదు. చలికి కిటికీ అద్దాలు మసకబారి ఉన్నాయి. తాకితే ఒళ్లు రాయిలా చల్లగా తగిలింది. పొట్ట మీద వేలు పెడితే ఊపిరి తెలియలేదు. కాలు ఎత్తి వదిలితే అలాగే వాలిపోయింది. చాంద్ బాషా కూడా తిప్పి చూసి పెదవి విరిచాడు.

“మేడమ్‌కు ఫోన్ జేద్దామా అన్నా?”

“పెండ్లింటికి సావు కబురు పంపుతారా ఎవురన్నా? ఎల్లుండి వస్తారు గదా, అప్పుడు జెప్పు. దీన్ని చెత్తడబ్బాలో ఏసొస్తా, ఇట్లియ్యి.”

మహబూబ్బీ ఇవ్వలేదు. రెండేళ్లు ముద్ద పెట్టిన చేత్తో చెత్తలో పారెయ్యడానికి మనసొప్పలేదు. ప్రాణం పోయినదాన్ని ఇంట్లో ఉంచకూడదు, ఆలస్యం చెయ్యకుండా మట్టికి అప్పగించాలి. ఆమె పుట్టి పెరిగిన ఇంట్లో పద్ధతి అది. మధ్యాహ్నం నమాజు లోపలే పెరటి దానిమ్మ చెట్టు కింద చాంద్ బాషాతో మూరెడు లోతు తవ్వించింది. తన పాత దుపట్టా ముక్కలో చుట్టి పడుకోబెట్టింది. మట్టి కప్పి, పిల్లులు కెలక్కుండా పైన బండ పెట్టించింది. ఏడ్చింది. ఏడుస్తూనే, ఇక తనను ఆపేదేమీ లేదని లోలోపల సంతోషపడింది. సంతోషపడినందుకు సిగ్గుపడింది.

బుధవారం సాయంత్రం మేడమ్ వచ్చింది. ఆమె ముఖంలో నవ్వు చూసి మహబూబ్బీ కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయింది. మేడమ్ సంచిలోంచి కాగితం తీసి చేతిలో పెట్టింది.

“నీ రీఎంట్రీ. రేపటి విమానానికి వెళ్లు. రెండు నెలలు ఉండి, మనవణ్ణో మనవరాల్నో ఎత్తుకుని రా.”

మహబూబ్బీ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. “మేడమ్, సుల్తాన్...”

“దాని సంగతే చెబుతున్నా. నిన్ను ఊరికే అనుమానించాను, మనసులో పెట్టుకోకు. డాక్టరు వీడియో చూసి నవ్వాడు. జబ్బూ లేదు, ఏమీ లేదు. ఈ జాతికి పెద్దయ్యాక చలికాలం నిద్రట. రెండు నెలలు తిండే అక్కర్లేదట. ఇంక నిన్ను ఆపడం దేనికి?”

రీమ్ అప్పటికే గాజుపెట్టె ఉన్న గదివైపు పరుగెత్తుతోంది.

“మెల్లగా రీమ్,” మేడమ్ వెనక నుంచి చెప్పింది. “తాకితే రాయిలా చల్లగా ఉంటుందట, ఊపిరి కూడా తెలియదట. చచ్చిపోయిందనుకునేవు.”