తేనె వేలు

“హాస్టల్ ఫారం మీద సంతకం పెట్టేశాను. సోమవారం పిల్లని దింపేసి వస్తాను.”

కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే అతను ఆ ఒక్క మాట చెప్పడానికి ఒక పూట సెలవు పెట్టి వచ్చాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాట. రెండు నెలల కిందట ఈ ఇంటికి వచ్చిన అతని రెండో భార్య మాత్రం తల తిప్పలేదు. బేకరీ పని నుంచి వచ్చిన బట్టలతోనే కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. చూపుడువేలు కిటికీ గట్టు మీద, కుండీలోని ఆకుల పక్కన ఆనించింది. వేలి కొసన తేనె చుక్క.

“ష్! మెల్లగా మాట్లాడండి. బెదిరిపోతుంది.”

“ఏది?”

“పచ్చబల్లి.”

అతనికి ఒళ్ళు మండింది. “పిల్ల గురించి నేను తల బద్దలు కొట్టుకుంటుంటే నీకు బల్లి బెంగా? పెళ్ళయ్యాక నాతో ఆడిన మాటలన్నీ కలిపినా ఆ బల్లితో ఆడినన్ని ఉండవు.”

“అది ఎదురు చెప్పదు కదండీ,” అంది నవ్వుతూ. వేలు కదల్చలేదు. “ఇది రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే రకం కాదట. దీనికి ఎండ కావాలి. ఒళ్ళంతా చిలకపచ్చ, నడుం మీద ఎర్రచుక్కలు, కంటి చుట్టూ నీలం. కంటికి రెప్పే ఉండదట. దుమ్ము పడితే నాలుక చాపి తన కన్ను తనే తుడుచుకుంటుందట.”

“ఎవరు చెప్పారీ పురాణమంతా?”

“మీ అమ్మాయే.”

అతను నమ్మలేదు. ఆ తొమ్మిదేళ్ళ పిల్ల ఈమె ఉన్న గదిలోకి అడుగు పెట్టదు. కంచం పట్టుకెళ్ళి తన మంచం మీద తింటుంది. రాత్రి ఏడింటికి ఇల్లు చేరే అతనికి కనిపించేవి మూసిన రెండు తలుపులు. ఏది ముందు తట్టాలో తెలియక నడవలో నిలబడి చాలాసేపు చెప్పులు విప్పుకునేవాడు. అలా నిలబడటం ఇక అతనివల్ల కావడం లేదు. ఫారం అందుకే.

“మొదటిరోజు గుమ్మం అవతలి నుంచే అరిచింది, పట్టుకోకండీ అని. పట్టుకుంటే దాని తోలు ఊడి మన చేతికొచ్చేస్తుందట. తేనె పెట్టి, దానివైపు చూడనట్టు కూర్చోవాలట. రావాలనిపిస్తే అదే వస్తుందట.”

“వచ్చిందా?”

“మూడు వారాలు పట్టింది.”

మెట్ల మీద బూట్ల చప్పుడు. పిల్ల బడి నుంచి వచ్చింది. సంచీ ఓ మూలకి విసిరి, వేళకాని వేళ ఇంట్లో ఉన్న తండ్రిని వింతగా చూసి, నేరుగా వెళ్ళి పీట పక్కన నేల మీద చతికిలబడింది. భుజం ఆమె మోకాలికి తగిలీ తగలకుండా.

“వేలు వణుకుతోంది. కదపొద్దు. ఇవాళ వస్తుంది.”

“నిన్నా ఇదే మాట అన్నావు.”

“నిన్న మబ్బు పట్టింది. ఎండ లేకపోతే దానికి బద్ధకం.”

“ఆదివారం పొద్దున నీకు మల్లే.”

పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వినందుకు గబుక్కున నోరు మూసుకుంది. అతను చేతిలోని ఫారాన్ని వీపు వెనక్కి జరిపాడు.

ఎండ గట్టు మీంచి జారి గోడెక్కింది. తేనె కారి అరచేతి దాకా వచ్చింది. బల్లి జాడ లేదు. ఆమె చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళగానే పిల్ల తండ్రి చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

“నాన్నా, అది ఇంక రాదు. శనివారం పక్కింటి పిల్లి ఎత్తుకుపోయింది. నేను చూశాను.” పెదవి బిగబట్టింది. “పిన్నికి చెప్పకు.”

పిన్ని. ఆ పిల్ల నోట ఆ మాట అతను వినడం అదే మొదలు.

“చెబితే ఏమవుతుందమ్మా?”

“బల్లి లేదని తెలిస్తే ఇక్కడెందుకు కూర్చుంటుంది? లేచి గదిలోకి వెళ్ళిపోతుంది.”

అతను ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళాడు. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాడు కాబట్టి ఆమె ముఖం కాకుండా కుళాయి వైపు చూస్తూ అన్నాడు.

“రేపు ఎండ బాగా కాస్తుందట. తప్పకుండా వస్తుందిలే.”

ఆమె కుళాయి కట్టేసింది. గుమ్మం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“అమ్మాయికి చెప్పనని మాటివ్వండి. శనివారం మెట్ల మీద, పక్కింటి పిల్లి నోట్లోంచి దాన్ని లాగి, కిందింటివాళ్ళ పూలకుండీలో పూడ్చిపెట్టింది నేనే.”