నలభై మూడో గులాబి

మొగ్గ విచ్చుకుంది. సతీశ్ కుండీని రెండు చేతుల్ల పట్టుకొని వాకిట్ల నిలబడ్డడు.

"అవ్వా, జెర ఇటు రా."

ఇది నలభై మూడోది. ఆఖరుది. దీనికి వాసనుంటే ఊర్లె ఉంటడు. లేకుంటే శుక్రవారం దుబాయ్ విమానం. వీసా వచ్చింది, టికెట్ వచ్చింది, అటక మీదున్న సూట్‌కేస్ కూడ కిందికి దిగింది.

సతీశ్‌ది మేడిపల్లి. ఆరేండ్లు దుబాయ్‌ల తోటపని చేసిండు. రెండు గులాబీలను కలిపి కొత్త రకం పుట్టించుడు అక్కడ్నే నేర్చిండు. మూడేండ్ల కింద ఇంటికొచ్చి బటన్ రోజ్ మీద పడ్డడు. జానెడు చెట్టు, రూపాయి బిళ్లంత పువ్వు. చూస్తానికి మస్తుంటది గని వాసన సున్న. దానికి పన్నీరు గులాబి వాసన ఎక్కియ్యాలె. గదీ పట్టు.

కోరుట్లల నర్సరీ నడిపే వీరేందర్ మాటిచ్చిండు. "ఉత్త బటన్ రోజులు నాకు లారీలకొద్ది వస్తయి తమ్మీ. వాసనున్నది ఒక్కటి తీస్కరా. షెడ్డు నీది, పేరు నీది. మల్ల దుబాయ్ మొఖం చూసే పనే లేదు."

చెప్పుతానికి ఒక్కటే మాట. చేసేటోనికి తెలుస్తది. బటన్ రోజు రేకలు తీసి, లోపలి పుప్పొడి కాడలు ఒక్కొక్కటి పీకి, పన్నీరు గులాబి పుప్పొడి కుంచెతోని అద్ది, కవరు కట్టాలె. నాలుగు నెలలకు కాయ పండుతది. గింజలు తడిగుడ్డల చుట్టి రెండు నెలలు ఫ్రిజ్‌ల పెట్టాలె. రెండేండ్లు కాయలే రాలిపోయినయి. మూడో ఏడు రెండు వందల గింజలు పెడితే నలభై మూడు మొలిసినయి. కరెంటు పోయినప్పుడల్లా మనిషి ఫ్రిజ్‌ను కావలించుకున్నంత పని చేసిండు.

గివన్నీ ఒక ఎత్తు. అసలు తిప్పలు ఇంకోటుంది. సతీశ్‌కు ముక్కు పనిచెయ్యది. దుబాయ్‌ల కరోనా వచ్చినప్పుడు పోయిన వాసన మల్ల తిరిగి రాలే. గులాబీలు పెంచేటోనికి వాసన తెల్వదంటే కోరుట్లంత పడి పడి నవ్వుతది. అందుకే ఆ సంగతి ఇల్లు దాటనియ్యలే. వీరేందర్‌కు కూడ చెప్పలే.

మరి ఎవరి ముక్కుతోని చూడాలె? భార్య శోభ పొద్దంత బీడీలు చేస్తది, ఆమె ముక్కు నిండ తంబాకే. ఏడేండ్ల బిడ్డ శ్రీజ ఉంది గని, బాపు మల్ల దుబాయ్ పోతడని తెలిసినకాంచి ఏ పువ్వు చూపినా "మస్తు వాసన బాపూ" అనే అంటది. దాని మాట పట్టుకొని పోయి వీరేందర్ ముంగట ఇజ్జత్ తీసుకుంటడా?

మిగిలింది తల్లి సమ్మవ్వ. ముక్కంటే సమ్మవ్వదే ముక్కు. మొగడు తాళ్లెక్కి కల్లు తీస్తే, నలభై ఏండ్లు ఆ కల్లు అమ్మిన మనిషి. కుండ మూత తియ్యకముందే చెప్పేది, అది తాటిదా ఈతదా, పొద్దటిదా మాపటిదా, నీళ్లు ఎన్ని కలిసినయని. కల్తీ చేసేటోడు ఆమె ఉన్న గల్లీల కాలు పెట్టకపోయేది. ఇప్పటికీ ముంత నోటికాడ పెట్టుకొని గులుగుతది. "గిదేం కల్లు? కల్లు వాసనే లేదు. అంత కల్తీ, థూ!"

సమ్మవ్వ వచ్చింది. పువ్వు మీదికి వంగి కండ్లు మూసుకుంది. రెండుసార్లు గట్టిగ గాలి పీల్చింది.

"వాసనెక్కడిది కొడుకా, ఏం వస్తలేదు."

నలభై రెండుసార్లు విన్న మాటనే.

"ఇంకోపాలి చూడవ్వా. నీ కాళ్లు మొక్కుత. కొంచెమన్న లేదా? ఇంతన్న?"

సమ్మవ్వ మల్ల వంగింది. మల్ల లేచింది. కొడుకు పోతుంటే ఆమెకు మాత్రం సంబురమా?

"ఉందని చెప్పాలనే ఉందిరా. అబద్దం చెప్పి నిన్ను నలుగుర్ల నవ్వులపాలు చెయ్యమంటవా?"

"ఉంది బాపూ!" శ్రీజ ఉరికొచ్చి కుండీ పట్టుకుంది. "మస్తుంది. ఒట్టు. అమ్మ మీద ఒట్టు!"

"నోర్ముయ్!"

ఎన్నడూ బిడ్డ మీద అరవనోడు అరిచిండు. చెట్టును వేర్లతోని పీకి గోడవతలికి ఇసిరేసిండు. పక్కింటి మేక వచ్చి రెండు నిమిషాలల్ల నమిలేసింది. ముండ్లను కూడ ఇడువలే. వెనకటి నలభై రెండింటిని తిన్నది కూడ ఆ మేకనే. సతీశ్ వాకిట్ల కూలబడి, బిడ్డ చూస్తుందని కూడ లేకుండ ఏడ్చిండు.

శుక్రవారం పొద్దుగాల, ఊర్లె కిరాయి కారు నడిపే పోశం కారు తెచ్చిండు. శోభ చాయ్ కోసం పాలు పెట్టి, "అత్తమ్మా, జెర పాలు చూడు" అని బ్యాగులు బయటికి మోసింది. సమ్మవ్వ పొయ్యికి ఈపు పెట్టి కూసొని, కొడుకు కోసం చేసిన కారప్పూస డబ్బల నింపుతుంది. బయట శ్రీజ బాపు అంగీ పట్టుకొని ఇడుస్తలేదు.

"నేను అబద్దం చెప్పలే బాపూ. నిజంగనే వచ్చింది."

సతీశ్ దాని వేళ్లు ఒక్కొక్కటి ఇడిపించి, అవ్వ కాళ్లు మొక్కేటందుకు లోపలికొచ్చిండు. ఎనకనే సూట్‌కేస్ కోసం వచ్చిన పోశం గడపల్నే ఆగి ముక్కు మూసుకున్నడు. ఉరికి పొయ్యి బంద్ చేసిండు.

"ఏంది పెద్దమ్మా, పాలు మాడి వాసన గల్లీ దాంక కొడుతుంది. పక్కన్నే కూసున్నవ్, నీకు తెలుస్తలేదా?"

సమ్మవ్వ కారప్పూస డబ్బ పక్కన పెట్టింది. కండ్లు మూసుకొని రెండుసార్లు గట్టిగ గాలి పీల్చింది.

"వాసనెక్కడిది కొడుకా, ఏం వస్తలేదు."