తలలో నీటి గదులు

ఎండాకాలం కళింగపట్నం ఒడ్డున ఇసకలోనే పడక. చేపల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఎవరూ ఎవరినీ వేటకి పిలవరు. అయినా ఆ రాత్రి నీళ్ల వైపు నుంచి పిలుపు వచ్చింది.

"పోలమ్మా... వేటకి రా."

పోలమ్మ కదల్లేదు. ఆ గొంతు ఆమెకు పాతదే. స్కిజోఫ్రీనియా అని, మెదడులో నీటి గదులు మామూలుకన్నా కాస్త పెద్దవని, స్కాను చూసి డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు మానొద్దంది. పోలమ్మ మానలేదు.

"ఒరే, నా తల్లో గదులు పెద్దవంట. అక్కడే కూకో. నాను రాను," అంది సముద్రంతో.

అలల చప్పుడు ఆగిపోయింది.

"ఎర్రన్నా... వేటకి రా."

పక్కన పడుకున్న మొగుడు లేచి కూర్చున్నాడు. వేటకెళ్లేవాడికి పిలుపొస్తే ఎవరని అడిగే అలవాటు ఉండదు, లేచి నడవడమే.

"ఆఁ, వస్తన్నాను," అన్నాడు.

అతని తలలో గదులు పెద్దవని ఏ డాక్టరూ చెప్పలేదు.

పోలమ్మ అతని చెయ్యి రెండు చేతులా పట్టుకుంది.

"ఈడినీ పంపను. ఏటి సేస్తావో సెయ్యి!" అని అరిచింది.

తడి ఇసకలో అడుగుల చప్పుడు మొదలైంది. దగ్గరికొస్తోంది.

పోలమ్మ పట్టు వదల్లేదు.