ఆ ఖాళీలు

"నీ పియానోకి ఏ రోగమూ లేదే పిల్లా! రోగమల్లా నీ అనుమానానికే," అన్నాడు మామయ్య, మీటల మీద మూత దించుతూ. పియానోలు శ్రుతి చేసే ఆయన్ని, మీటలు పలకడం లేదంటూ మేనకోడలు పిలిపించడం ఈ నెలలో ఇది మూడోసారి.

మామయ్య పక్కనున్న పేపరు అందుకుని, ఆమె కొత్త జాజ్ రికార్డు మీద వచ్చిన సమీక్షని కూడబలుక్కుంటూ చదివాడు.

"'ఇదివరకటి రికార్డుల్లో ఊపిరాడనివ్వని వేగం. ఇప్పుడు ఎడమచేతి స్వరాల మధ్య ఎంత చక్కటి మౌనం! ఎక్కడ ఆగాలో ఈమెకి తెలిసింది.' ఓరి నాయనో! ఇన్నాళ్లూ నిన్ను చీల్చి చెండాడినవాడేనా ఇతను? ఏం మందు పెట్టావే?"

"నేను ఆగలేదు మామయ్యా."

"ఆఁ?"

"అక్కడ కూడా వాయించాను. ఈ రెండు వేళ్లూ మీటని నొక్కలేకపోయాయి."

మామయ్య నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ఆ ఎడమచెయ్యి అందుకుని, చివరి రెండు వేళ్లనీ గట్టిగా నొక్కాడు.

"తెలుస్తోందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఈ వేళ్లు ఇక బాగుపడవని నిన్న డాక్టరు చెప్పేశాడు. తప్పు పియానోదేనని నువ్వైనా అంటావేమోనని పిలిచాను."

"మూడుసార్లూ నిన్ను ఆటపట్టించి పోయాను కదే తల్లీ!" మామయ్య ఆ వేళ్లని రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు. "ఆ పేపరాయనకి చెప్పనా, అది మౌనం కాదని?"

"వద్దు. పదిహేనేళ్లలో నా గురించి బాగా రాసింది ఇదొక్కటే. ఇంకోసారి చదువు."

మామయ్య మొదట్నుంచీ చదివాడు. ఈసారి ఎక్కడా వేళాకోళం ఆడలేదు.