గ్లవ్ మీద సంతకం

"ఇక్కడ సంతకం పెట్టు నాయినా, బొటనవేలి పక్కన" అంటూ రుచిత తన కొత్త బాక్సింగ్ గ్లవ్‌ను తండ్రి ఒళ్లో పెట్టింది. రాష్ట్ర పోటీలకు తీసుకుపోయే బస్సు ఇస్నాపూర్ చౌరస్తాకు వచ్చే వేళయింది.

ఆమె తండ్రి నర్సింలు ఒకప్పుడు బాక్సింగ్‌లో జాతీయ చాంపియన్. ఆయన సంతకం చేసిన గ్లవ్స్‌ను ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ వాళ్లు అద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. ఇప్పుడు పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికి, మొదటి అక్షరమే వంకరపోయింది. మిషన్ మీద పనిచేసి వచ్చిన వణుకని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాడు. ఈరోజు ఇక దాచలేకపోయాడు.

"బిడ్డా, గీ వణుకు మిషన్‌తోని రాలే. తలకు తాకిన దెబ్బలతోని వచ్చింది. డాక్టర్ చెప్పిండు."

రుచిత తల ఎత్తలేదు. "నాకెరికే నాయినా. డాక్టర్ రాసిన కాయితం పోయిన నెలనే సదివిన."

"ఎరికుండి గూడ పోతున్నవా? నా తీర్గ నువ్వు కావొద్దు. పోకు బిడ్డా."

"నువ్వు మొదటి పోటీకి పోయిననాడు తాత వద్దనలేదా?"

"అన్నడు."

"మరి ఆగినవా?"

నర్సింలు మళ్లీ పెన్ను గ్లవ్‌కు ఆనించి తర్వాతి అక్షరాలు రాయసాగాడు. ఆనాడు వాకిట్లో నిలబడ్డ తండ్రిని వెనక్కి తిరిగి కూడా చూడకుండా పోయింది తనే.

"జల్దీ రావే!" బయట నుంచి స్నేహితురాలు కేకేసింది.

రుచిత గ్లవ్ కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. సంతకంలో ఇక ఒక్క అక్షరమే మిగిలింది. దాన్ని ఆయన ఎంత మెల్లగా రాయగలడో అంత మెల్లగా రాశాడు.