ఈ ఏడైనా నార్వే

“పడవెక్కకపోతే ఇంక నార్వే చూడ్డమెందుకండీ?” అంది ఆవిడ, పళ్ళ మధ్య గుండుసూదులు కరిచిపట్టుకునే.

ఆవిడ కుట్టుపని మనిషి. వీధి చివర చిన్న కొట్టు. పాంట్లు పొట్టి చేయడం, చలికోట్లకి జిప్పులు మార్చడం. మిగిలిన పని ఇంటికి తెచ్చుకుంటుంది. ఆవిడ భర్త ఆసుపత్రి క్యాంటీన్లో వంటవాడు. పగలంతా ఊరికి వండి, సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతాడు.

“పడవలో నాకు కడుపులో తిప్పుతుంది. చూడాల్సింది ఆకాశాన్ని. పచ్చటి వెలుగులు తెరలు తెరలుగా ఊగుతాయట. అవి చూడాలంటే చలికాలమే,” అన్నాడు.

“చలికాలం నాకెలా కుదురుతుంది? ఊళ్ళో జిప్పులన్నీ అప్పుడే ఊడతాయి. వేసవిలో వెళ్దాం. అర్ధరాత్రయినా పొద్దుగుంకదట.”

“వేసవిలో తక్కిన వంటవాళ్ళంతా సెలవు పెట్టేస్తారు. నేనూ పోతే రోగులు పస్తులుంటారా?”

ఎద్దు ఎండకి లాగితే దున్న నీడకి లాగుతుందంటారు. ఆ ఇంట్లో నార్వే ఏటా అలాగే ఆగిపోయేది. ఈసారి మాత్రం నిప్పు రాజేసి పోయింది ఆవిడ అక్క.

అక్కా బావా వారంరోజుల్లో నార్వే అంతా చుట్టేశారు. తిరుగుప్రయాణంలో రెండు రోజులు వీళ్ళింట్లో దిగారు. అక్క తడి బూట్లయినా సరిగ్గా విప్పకుండా ఫోను తీసింది.

“ఇదిగో, ఈ జలపాతం కిందనుంచే మా పడవ పోయింది. ఇదిగో మీ బావ, తడిసి ముద్దయ్యాడు. నార్వే అంటే నీకేం తెలుసే, ఆ కొండల్ని చూస్తే మాట పడిపోతుందనుకో.”

చెల్లెలు చెంపకి చెయ్యి ఆనించుకుని వింది. వెళ్ళేటప్పుడు అక్క, ఫ్రిజ్జుకి అంటించుకునే పడవబొమ్మ ఒకటి చేతిలో పెట్టి, “నార్వేనుంచి నీకోసమే తెచ్చానే,” అంది. తీసుకోక తప్పలేదు.

అయినా ఆవిడ ఓర్చుకునేదే. ఆ సాయంత్రం మూల కూర్చుని బొమ్మలేసుకుంటున్న కూతురు తలెత్తకుండా అంది:

“మా క్లాసులో అందరూ చూశారు నాన్నా. సెలవులయ్యాక టీచరు ఎక్కడికెళ్ళారని అందర్నీ అడుగుతుంది. నేను ‘ఇంట్లోనే’ అంటాను. మొన్న నన్ను అడగడం మానేసింది.”

ఆయన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కుళాయి పోతూనే ఉంది. ఆవిడ లేచి వెళ్ళి కట్టేసింది.

“ఆకురాలే రోజుల్లో వెళ్దాం,” అన్నాడాయన. “బడికి సెలవులుంటాయి. పడవలు తిరుగుతుంటాయి. వెలుగులూ అప్పటికి మొదలవుతాయి.”

“పడవెక్కుతారా మరి?”

“కళ్ళు మూసుకుని ఎక్కుతా.”

మర్నాడే పెద్ద వంటావిడ దగ్గరికి వెళ్ళి, చేతులు నలుపుకుంటూ సెలవడిగాడు. “ఇన్నాళ్ళకి నోరు పెగిలిందా? వెళ్ళిరా నాయనా,” అందావిడ. కుట్టుకొట్టు తలుపుకి ‘సెలవు’ అని అట్టముక్క వేలాడింది. ఇంట్లో ముగ్గురూ తలలు ఆనించుకుని ఫోన్లో వీడియోలు చూశారు. గైరాంగర్, లోఫోటెన్ అని చూడబోయే చోట్ల పేర్లకి ఆవిడ నోరు తిరక్క తంటాలు పడుతుంటే కూతురు గడగడా అనేసి, వీడియోలో అమ్మాయి కూడా తప్పే పలుకుతోందని తేల్చింది. ఆ వారం ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ విసుక్కోలేదు.

బయల్దేరే రోజు బూట్లు కూడా తొడుక్కున్నాక ఆయన ఫోను మోగింది. పెద్ద వంటావిడ.

“పెద్ద జల్లెడ ఎక్కడ పెట్టావు? ఇద్దరికి జ్వరాలు, మనుషులు లేరు. నువ్వేం రాకు, మేం ఎలాగో నెట్టుకొస్తాం.”

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చూసుకున్నాడు.

“రావద్దందిగా,” అంది ఆవిడ.

“అంది. గొంతు మాత్రం అలా లేదు.”

“రైలు పోతుందండీ.”

“దాని వెనక ఇంకోటుంది. గిన్నెలు పొయ్యెక్కించి ఇలా వచ్చేస్తా.”

తల్లీ కూతురూ కోట్లు వేసుకునే సోఫాలో కూర్చున్నారు. కాసేపటికి గంట మోగింది. ఆయనే అనుకుని కూతురు పరిగెత్తింది. తీరా చూస్తే పక్కింటాయన, చేతిలో ఊడిన జిప్పుతో కోటు.

“కొట్టు మూసేశారు, మీరు ఇంట్లోనే ఉన్నారని వచ్చాను. పొద్దున్నే పడవెక్కాలి మేము. అక్కడ గాలి చంపేస్తుందట.”

కుదరదనడానికే ఆవిడ నోరు తెరిచింది. కానీ చెయ్యి అప్పటికే కోటు అందుకుని, జిప్పు పళ్ళని గోటితో పైకీ కిందకీ లాగి చూస్తోంది.

“ఎంతసేపండీ, కూర్చోండి,” అంది.

భర్త తిరిగొచ్చేసరికి చీకటి పడింది. అప్పటికే పక్కింటివాళ్ళ పిల్లల కోట్లు కూడా కుట్టు మిషను మీదికి చేరాయి. ఆవిడ తప్పు ఆయన అడగలేదు, ఆయన తప్పు ఆవిడ అడగలేదు. ఇద్దరికీ చెరొకటి ఉండటంతో సరిపోయింది. కూతురు కిందకి వంగి బూట్లు విప్పుకుంటోంది.

“వచ్చే ఏడు తప్పకుండా వెళ్దాం,” అన్నాడాయన దాని తల నిమురుతూ. “కొండలెక్కడికి పోతాయి?”

“అవీ పోవు, మనమూ పోం,” అంది కూతురు.

అప్పటికి పుష్కరకాలంగా వాళ్ళు కాపురముంటున్నది నార్వేలోనే.